కట్టు విప్పిన కాలితో వండర్‌లాకు వెళ్లవచ్చా?

పదిహేనేళ్ల అబ్బాయికి కాలి ఎముక విరిగి, ఇటీవలే కట్టు విప్పారు. సెలవుల్లో హైదరాబాదు శివార్లలో, రావిర్యాలలో ఉన్న వండర్‌లా వినోద పార్కుకు తీసుకువెళ్లవచ్చా అన్నది ప్రశ్న. ఎముక అతుక్కున్నా, వారాల తరబడి కట్టులో ఉన్న పిక్క కండరం సన్నబడి, చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి, రోలర్ కోస్టర్ కుదుపుల మాట అటుంచి, నీటి జారుడుబల్లల దగ్గర తడిసిన మెట్లు ఎక్కడమే నా దృష్టిలో పెద్ద ప్రమాదం. ఎముకల వైద్యుడు సరేననేవరకు ఆగడం మేలు; పైగా స్నేహితులు రైడ్లు ఎక్కుతుంటే కింద కూర్చుని చూడడం ఆ వయసువారికి నొప్పికన్నా కష్టం. ఈలోగా ఎక్కడికైనా వెళ్లి తీరాలనుకుంటే రామోజీ ఫిల్మ్ సిటీ నయం: సెట్ల మధ్య చాలావరకు బస్సులోనే తిప్పుతారు, ఎక్కి దిగేటప్పుడు మాత్రం ఊతకర్ర, పట్టుకునే మనిషి తప్పనిసరి.