పిన్ పనిచేయట్లేదు, పాస్‌వర్డ్ గుర్తులేదు: ఫార్మాట్ కొట్టించేద్దామా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. జీడిపప్పు, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌లో టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. మా అబ్బాయి కొని, అన్నీ పెట్టి ఇచ్చాడు. నేను రోజూ నాలుగంకెల పిన్ కొట్టి తెరుచుకుంటాను. మొన్న ఏదో అప్‌డేట్ అయ్యాక, పిన్ అందుబాటులో లేదని చెప్పి పాస్‌వర్డ్ అడుగుతోంది. అది నాకెప్పుడూ తెలీదు, అబ్బాయికి గుర్తులేదు. అప్పట్లో వాడిచ్చిన ఫోన్ నంబరు పాతపట్నంలో తీసుకున్న ఆంధ్రా సిమ్‌ది. రీఛార్జ్ చేయక అదీ ఆగిపోయింది. ఊళ్లో షాపతను ఫార్మాట్ కొడితే గంటలో పనైపోతుందంటున్నాడు. ఇరవయ్యో తారీఖులోపు జీఎస్టీ రిటర్న్ వేయాలి. ఇచ్చేయమంటారా?
– ఒక సోదరి, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఇవ్వొద్దమ్మా. ఇప్పుడే ఇవ్వొద్దు. ఫార్మాట్ కొడితే ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది, ఆ మాట నిజమే. లోపల మీ వ్యాపారం లెక్కలు మాత్రం ఉండవు. ఇక్కడ బరంపురంలో నా దగ్గరికి ఇదే సమస్యతో వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఎక్కడో ఫార్మాట్ కొట్టించుకుని, కొత్త విండోస్ ఎక్కించుకుని, ‘పాత ఫైళ్లు ఏమైనా వస్తాయా’ అని అడుగుతారు. వాళ్లకి రావని చెప్పాల్సి రావడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఫార్మాట్ అనేది అన్ని దారులూ మూసుకుపోయాక చేసే పని. మీకింకా చాలా దారులున్నాయి.

ముందు ఆ ఇరవయ్యో తారీఖు భయం తీసేద్దాం. జీఎస్టీ పోర్టల్ లాగిన్‌కీ మీ ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్‌కీ ఏ సంబంధమూ లేదు. మీరు వేసిన పాత రిటర్న్‌లు జీఎస్టీ పోర్టల్‌లో, పాతపట్నం వైపు సరుకు పంపినప్పుడు తీసిన ఈ-వే బిల్లులు ఈ-వే బిల్ పోర్టల్‌లో ఉంటాయి. ఈ నెల అమ్మకాలు, కొనుగోళ్ల కాగితం బిల్లులు పట్టుకుని మీ అకౌంటెంట్ కంప్యూటర్ ముందు కూర్చుంటే రిటర్న్ వేసేయొచ్చు. తారీఖు తరుముతోందని తొందరపడి లెక్కలు పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. పిన్ వేరు, పాస్‌వర్డ్ వేరు. పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే పరిమితం, అందులోని సెక్యూరిటీ చిప్‌తో ముడిపడి ఉంటుంది. అప్‌డేట్‌లోనో, బయోస్ (విండోస్ కంటే ముందు ల్యాప్‌టాప్‌ని లేపే ప్రోగ్రామ్) మారినప్పుడో ఆ ముడి తప్పితే విండోస్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీది అదే పరిస్థితి. రోజూ పిన్‌తో వెళ్లేవాళ్లకి పాస్‌వర్డ్ గుర్తుండకపోవడం మామూలే, మీ తప్పు గానీ అబ్బాయి తప్పు గానీ ఏమీ లేదు.

పాస్‌వర్డ్ ఇదై ఉంటుందేమో అని అబ్బాయికి రెండు మూడు అనుమానాలైనా ఉండే ఉంటాయి. అడిగి కాగితం మీద రాసుకోండి. వాటిని కొట్టేముందు ఆ స్క్రీన్ కింద కుడిమూల ఓసారి చూడండి. మన వైపు ల్యాప్‌టాప్‌లలో ఇంగ్లీషుతో పాటు తెలుగు, ఒడియా కీబోర్డులు కూడా పెట్టుకుంటాం. అక్కడ ఇంగ్లీషు బదులు తెలుగో ఒడియానో ఉంటే మీరు ఎంత సరిగ్గా కొట్టినా లోపలికి వేరే అక్షరాలు వెళ్తాయి, పైకి మాత్రం చుక్కలే కనిపిస్తాయి. విండోస్ బటన్ నొక్కిపట్టి స్పేస్ కొడితే భాష మారుతుంది. పాస్‌వర్డ్ గడి చివర చిన్న కన్ను గుర్తు వస్తుంది, దాన్ని నొక్కిపడితే మీరు కొట్టింది కంటికి కనిపిస్తుంది. క్యాప్స్ లాక్ కూడా చూసుకోండి. ‘పాస్‌వర్డ్ పోయింది’ అని నా దగ్గరికి తెచ్చిన ల్యాప్‌టాప్‌లు కొన్ని ఈ మూల దగ్గరే తెరుచుకున్నాయి. వరసపెట్టి తప్పులు కొడితే కాసేపు తాళం పడుతుంది, కంగారు పడకండి, కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు. మరోసారి పిన్ దగ్గర ఏ1బీ2సీ3 అని టైప్ చేయమని అడిగితే, అది వైరస్ కాదు. కీబోర్డు పనిచేస్తోందో లేదో విండోస్ చూసుకునే పద్ధతి.

అది కాకపోతే, ఖాతా ఏ రకమో తేల్చుకోవాలి. అబ్బాయి మెయిల్ ఐడీతో విండోస్ మొదలుపెట్టాడంటే అది మైక్రోసాఫ్ట్ ఖాతా. అప్పుడు ల్యాప్‌టాప్ ముట్టుకోనక్కర్లేదు. ఫోన్‌లో లాగిన్ డాట్ లైవ్ డాట్ కామ్ తెరిచి, ఆ మెయిల్ ఐడీ కొట్టి, పాస్‌వర్డ్ మర్చిపోయాను అనేది నొక్కండి. కోడ్ ఎక్కడికి పంపాలో అడుగుతూ ఫోన్ నంబరు చివరి రెండంకెలు, ఇంకో మెయిల్ ఉంటే దాని మొదటి అక్షరాలు చూపిస్తుంది. అబ్బాయి రెండో మెయిల్ ఇచ్చి ఉంటే ఇక సిమ్‌తో పనేలేదు. ఏ మెయిల్ ఐడీయో కూడా గుర్తులేదంటే, అబ్బాయిని తన జీమెయిల్‌లన్నింటిలో ‘మైక్రోసాఫ్ట్ అకౌంట్ టీమ్’ అని ఇంగ్లీషులో వెతకమనండి. ఖాతా తెరిచినప్పుడు వచ్చిన ఉత్తరం దొరుకుతుంది.

పాత సిమ్ ఒక్కటే దారి అయితే, ఆ నంబరుకి ఫోన్ చేసి చూడండి. ఆగిపోయిన నంబరును కంపెనీ కనీసం 90 రోజులు వేరేవాళ్లకి ఇవ్వదు. ఆ గడువులో ఉంటే అబ్బాయి ఆధార్‌తో ఆంధ్రా వైపు షోరూమ్‌కి వెళ్లి అడగండి, అది ఆంధ్ర సర్కిల్ నంబరు కదా. కొత్త సిమ్ వేశాక మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. కోడ్ రాలేదని ఆ రోజే నిరాశపడిపోకండి, మర్నాడు ప్రయత్నించండి. నంబరు వేరేవాళ్లకి వెళ్లిపోయిందంటే మాత్రం ఆ ఊసెత్తొద్దు. మైక్రోసాఫ్ట్ రికవరీ ఫారం నింపండి. పాత పాస్‌వర్డులు, ఆ ఐడీ నుంచి పంపిన మెయిళ్ల సబ్జెక్టులు అడుగుతుంది. అబ్బాయే, తను ఎప్పుడూ వాడే ఫోన్ నుంచి నింపడం మంచిది. జవాబు సాధారణంగా ఒక రోజులో వస్తుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే పద్ధతి) పెట్టి ఉంటే ఈ ఫారం పనిచేయదు.

పాస్‌వర్డ్ మారాక ల్యాప్‌టాప్‌ని లాగిన్ స్క్రీన్ మీదే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. నెట్ లేకపోతే దానికి కొత్త పాస్‌వర్డ్ సంగతి తెలీదు, పాతదే అడుగుతూ కూర్చుంటుంది.

మెయిల్ లేకుండా ఉత్త పేరుతో పెట్టిన లోకల్ ఖాతా అయితే, తప్పు పాస్‌వర్డ్ కొట్టగానే కింద రీసెట్ అని వస్తుంది. 2018 నుంచి విండోస్ 10లో ఇలాంటి ఖాతా పెట్టేటప్పుడు మూడు ప్రశ్నలకి జవాబులు తీసుకుంటున్నారు. పుట్టిన ఊరు ఏది అనే ప్రశ్న వాటిలో ఉండొచ్చు. మన ఊరి పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. పర్లాకిమిడి, పర్లాఖెముండి, పరలాఖెముండి, అన్నీ వేసి చూడండి.

ఇవేవీ కుదరకపోతేనే షాపు మాట. అక్కడ అడగాల్సింది ‘డేటా కాపీ చేసి, ఆ తర్వాత ఫార్మాట్’ అని. ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్ ఆన్ చేసి గానీ, హార్డ్‌డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి గానీ ఫైళ్లు తీస్తారు. టాలీ డేటా అంకెల పేర్లున్న ఫోల్డర్లలో ఉంటుంది, అవి తప్పకుండా రావాలి. వాటిని వేరే టాలీలో తెరిచి, మీ పార్టీల పేర్లు, బాకీలు కనిపించాకే ఫార్మాట్‌కి ఒప్పుకోండి. పక్కనే కూర్చుని చేయించుకోండి.

అయితే డిస్క్ బిట్‌లాకర్‌తో (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) లాకై ఉంటే ఇలా కాపీ కుదరదు, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ లాక్ మనం పెట్టకుండానే పడి ఉంటుంది. ఆ కీ ఉండేది మామూలుగా అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో. ‘క్రాక్ చేసి తీస్తాం’ అని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే నమ్మకండి, కీ లేకుండా అది ఎవరి వల్లా కాదు. అందుకే ఖాతా తిరిగి తెచ్చుకోవడం మీద ఎంత కష్టమైనా పడండి అంటున్నాను. గూగుల్‌లో కనిపించే కస్టమర్ కేర్ నంబర్లకి ఫోన్ చేయొద్దు. అవతలివాళ్లు ఎనీడెస్క్ (దూరం నుంచే మీ స్క్రీన్ నడిపే యాప్) పెట్టించి బ్యాంకు ఖాతా ఊడ్చేస్తారు. అలా జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తెరుచుకున్న రోజే కొత్త పాస్‌వర్డ్‌నీ, ఆ 48 అంకెలనీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మీ ఒడిశా నంబరును ఖాతాకి కలపండి. టాలీ బ్యాకప్ వారం వారం పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.

ప్రశ్న: విశాఖలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. విండోస్ గుర్తు రాకముందే నల్ల స్క్రీన్ మీద పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫార్మాట్ చేస్తే పోతుందా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: పోదు తమ్ముడూ. అది బయోస్ పాస్‌వర్డ్, మదర్‌బోర్డులోనే ఉంటుంది, హార్డ్‌డిస్క్ మార్చినా కదలదు. బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి పెడితే పోతుందని చెప్తారు, పాత డెస్క్‌టాప్‌లలో పోయేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అది పనిచేయదు. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే బోర్డే మార్చాలని కంపెనీయే చెప్తుంది. చాలాసార్లు ఇవి ఏదో ఆఫీసు తన మెషిన్లకి పెట్టుకున్న పాస్‌వర్డులు, తీయకుండానే అమ్మేస్తారు. అమ్మినతని దగ్గరికే వెళ్లి, నీ ఎదురుగా తీయించమను. అసలు బిల్లు చూపించమని కూడా అడుగు. పాస్‌వర్డూ చెప్పలేక, బిల్లూ చూపించలేకపోతే ఆ ల్యాప్‌టాప్ ఉంచుకోవద్దు, డబ్బు వెనక్కి తీసుకో.