కరోనా వేళ హైదరాబాద్ సర్కారు దవాఖానల్లో పడకలు ఎందుకు పెంచలేకపోయారు?

పెంచలేదని ఎవరన్నారు? పెంచారు. 2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి స్టేడియం దగ్గర క్రీడాకారుల కోసం కట్టిన టవర్‌ని చూస్తుండగానే 1,500 పడకల టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) దవాఖాన చేశారు. గాంధీ దవాఖాన మొత్తాన్ని కొవిడ్‌కే ఇచ్చేశారు. డబ్బుంటే మంచాలు ఎన్నైనా వేయొచ్చు. ఆ మంచం దగ్గర నిలబడే మనిషి ఎక్కడి నుంచి వస్తారు?

2021 మేలో మా బావను ఒక సర్కారు దవాఖానలో చేర్చాం, పేరు వద్దులెండి. బెడ్ దొరికిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాత్రయితే వార్డు మొత్తానికి ఒక్కతే స్టాఫ్ నర్సు. కళ్లజోడు మీద ఆవిరి పట్టి, కేస్ షీట్‌ని ముఖానికి ఆనించుకుని చదివేది. అర్ధరాత్రి దాటాక బావ మగతలో మాస్కు లాగేసుకున్నాడు. ఒంట్లో ఆక్సిజన్ 78 శాతానికి పడిపోయిందని ఆక్సీమీటర్ చూపిస్తోంది. "సిస్టర్, ఒక్కసారి రండమ్మా" అని అరిచాను. "ఈయన్ని వదిలి రాలేనన్నా, మాస్కు గట్టిగా పట్టుకో, బోర్లా పడుకోబెట్టు" అంది అటు చివర నుంచి. పట్టుకున్నాను, బావ బతికాడు. ఎదురు మంచం మీద పెద్దాయనకు తోడెవరూ లేరు. ఆయన మాస్కు జారితే?

ఆక్సిజన్ కూడా ఇలాంటిదే. మామూలు మాస్కుకి నిమిషానికి ఐదారు లీటర్లు చాలు. సీరియస్ పేషెంట్‌కి ఆక్సిజన్ జోరుగా పంపే హై ఫ్లో మెషీన్‌కి 60 దాకా కావాలి. 7,000 లీటర్ల జంబో సిలిండర్ దానికి రెండు గంటలు కూడా రాదు. లిక్విడ్ ట్యాంకు, పైపులైను లేకుండా ఫంక్షన్ హాల్లో మంచాలేస్తే సీరియస్ పేషెంట్‌కి అవి ఎందుకూ పనికిరావు. 2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ నింపుకురావడానికి ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో భువనేశ్వర్ పంపాల్సి వచ్చింది మరి.

నాకు ఇప్పటికీ కడుపు మండే విషయం ఇంకోటి. డాక్టర్లకు, నర్సులకు చప్పట్లు కొట్టాం, హెలికాప్టర్లతో పూలు చల్లాం. కేసులు పెరగగానే అవుట్‌సోర్సింగ్‌లో నర్సులను తీసుకోవడం, తగ్గగానే ఇంటికి పంపడం! ఐసీయూ పని చేతికి రావడానికి నెలలు పడుతుంది. చేయి తిరిగిన మనిషిని పంపేసి మళ్లీ కొత్తవాళ్లను వెతుక్కోవడం ఏం లెక్క?

సనత్‌నగర్, అల్వాల్, కొత్తపేటలకు కొత్త టిమ్స్‌లు ఇచ్చారు, సంతోషం. మీ ఎమ్మెల్యే కనిపిస్తే ఎన్ని పడకలని అడక్కండి. రాత్రి షిఫ్టుకి రెగ్యులర్ నర్సులు ఎంతమంది, వెంటిలేటర్ నడపగలిగే టెక్నీషియన్లు ఎంతమంది అని అడగండి.