సాత్‌బారా (7/12 భూమి రికార్డు)లో ఇంకా నాన్న పేరే ఉంది, వడ్లు ఎట్లా అమ్మాలి?

ప్రశ్న: అన్నా, మాది మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఊరు. నాన్న పోయి మూడేళ్లయింది, మూడెకరాలు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అన్నదమ్ములం ముగ్గురం, దున్నేది నేనొక్కడినే. నిరుడు వడ్లు కొనుగోలు సెంటర్‌కు తీసుకెళ్తే, సాత్‌బారాలో పంట ఎక్కలేదు, నీ పేరూ లేదు అని వాపసు పంపారు. ఈ-పీక్ పాహణీ, అంటే ఫోన్ యాప్‌లో పంట నమోదు, చేయకపోవడం నా తప్పే అన్నారు. పొలంలో టవర్ రాదు, యాప్ అంతా మరాఠీ. ట్రాక్టర్ కిరాయి దండగయింది, చివరికి సేటుకు క్వింటాల్ 1,800కు ఇచ్చేశాను. ఈసారీ అంతేనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, నిన్ను తప్పుపట్టడం అన్యాయం. సాత్‌బారాలో 7వ నమూనా భూమి ఎవరిదో చెబుతుంది, 12వది అందులో ఏ పంట ఉందో చెబుతుంది. ఆ 12 రాయడం మొదట్లో తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) పని. 2021 ఆగస్టు 15 నుంచి రాష్ట్రమంతటా దాన్ని రైతు నెత్తిన పెట్టారు. నువ్వే పొలంలో నిలబడి ఫోటో తీసి ఎక్కించాలి, ఎక్కించకపోతే పంట వేసినా వేయనట్టే లెక్క. వేసినవాడికే మద్దతు ధర దక్కాలన్న ఉద్దేశం మంచిదే, కానీ ఆగస్టు వానలో మా మేనమామ ఎంత తిప్పలు పడ్డాడో నేను పక్కనే ఉండి చూశాను. ఫోన్‌ను యూరియా సంచి లోపలి కవర్‌లో చుట్టుకొని వచ్చాడు, తడి వేలికి స్క్రీన్ కదలదు, బనియన్‌కు తుడుచుకొని మళ్లీ నొక్కితే లొకేషన్ పక్కవాళ్ల గట్ నంబరు (సర్వే నంబరు)లో చూపిస్తోంది. నాటు కూలీలు ఒడ్డున కూర్చున్నారు, ఒక్క ఫోటోకు అరపూట పోయింది.

ఇక నీ సంగతి. ముందు వారసుల పేర్లు ఎక్కించుకో, అది కాకుండా మిగతా ఏదీ ముందుకు సాగదు. నాన్న డెత్ సర్టిఫికెట్, వారసుల వివరాలతో తలాఠీకి అర్జీ పెట్టు, పోచ్ (రసీదు) తీసుకోకుండా ఇంటికి రాకు. ఫెర్‌ఫార్ (పేరు మార్పు) నోటీసు పడ్డాక అభ్యంతరాలకు 15 రోజులు ఉంటుంది, తర్వాత మండల అధికారి (సర్కిల్ ఆఫీసర్) మంజూరు చేస్తాడు. అమ్మ, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల పేర్లు కూడా తప్పకుండా రాయి. భూమిలో వాళ్లకూ హక్కుంది, దాచిపెడితే రేపు ఇంట్లోనే గొడవ. పేరు ఎక్కాకే ఫార్మర్ ఐడీ వస్తుంది, 2025 ఏప్రిల్ నుంచి వ్యవసాయ పథకాలకు అది లేకుండా పని జరగడం లేదు. అన్నదమ్ములు పంచుకోవాలనుకుంటే, వాటాల దస్తావేజుకు రిజిస్ట్రేషన్ ఫీజు 2025లోనే ఎత్తేశారు. ఇది మాత్రం నిజంగా రైతుకు బరువు తగ్గించిన పని.

పొలంలో టవర్ లేకపోయినా ఫోటో తీసి పెట్టుకో, సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక అప్‌లోడ్ చేయొచ్చు. తప్పు పడితే 48 గంటల్లో దిద్దుకోవచ్చు. గడువు దాటిపోతే చేతులు ముడుచుకొని కూర్చోకు, రైతుల వంతు అయ్యాక ఊరికి పెట్టిన సహాయకుడు నమోదు చేయాలి, అతన్ని పట్టుకొని పొలానికి తీసుకెళ్లు.

నా మాట సూటిగా చెబుతాను. గోదావరి దాటి తెలంగాణలో కాళేశ్వరం వైపు వెళ్తే పంట రాసుకోవడానికి వ్యవసాయ విస్తరణ అధికారి రావాలి, ఇవతల రైతే తన పంటకు తాను సాక్ష్యం తెచ్చుకోవాలి. నమోదు లేని రైతును వాపసు పంపేముందు ఒక మనిషి వెళ్లి కొయ్యకాళ్లు చూసి రావాలి, అప్పటిదాకా వడ్లు సెంటర్‌లోనే ఉండనివ్వాలి. సిరోంచ తాలూకాలో ఇంతమంది తెలుగు మాట్లాడుతున్నప్పుడు యాప్‌లో తెలుగు ఎందుకు ఉండదు? పై అధికారిని అడుగుదామంటే జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల దూరం. అందుకే ఈ మూడూ గ్రామసభలో తీర్మానంగా రాయించి పంపండి, ఒక్కడి అర్జీ కంటే దానికి బలం ఎక్కువ.

ప్రశ్న: నాది బటన్ ఫోన్. నా పంట సంగతేంటి?

జవాబు: ఒకే స్మార్ట్‌ఫోన్‌లో చాలామంది రైతుల పంటలు ఎక్కించవచ్చు పెద్దాయనా. పక్క పొలం అబ్బాయిని పిలువు, గట్ నంబరు కాగితం మీద రాసుకొని వెళ్లు, ఎక్కాక 12వ నమూనాలో పంట పేరు, విస్తీర్ణం సరిగ్గా పడ్డాయో లేదో అతనితోనే చదివించుకో.