అంతరించిపోతున్న జింక జాతుల్ని కాపాడే ఉద్యోగాలు ఎలా ఉంటాయి? ఏం చదవాలి?

అడవిలో తిరగడమే అనుకుంటారు గానీ, చాలా పని ల్యాబ్‌లో, కంప్యూటర్ ముందే జరుగుతుంది. కత్తిలా వంగిన కొమ్ములుండే సహారా ఓరిక్స్ అనే జింక సంగతే చూడండి. ప్రకృతిలో స్వేచ్ఛగా తిరిగేవి ఒక్కటీ మిగల్లేదని 2000లో తేల్చారు. మనుషుల సంరక్షణలో పెరిగిన మందల నుంచి 2016లో ఆఫ్రికాలోని చాద్ దేశంలో మళ్లీ వదలడం మొదలుపెట్టారు. ఇలాంటి పనిలో దగ్గరి చుట్టరికం కలవకుండా జతలు కుదిర్చేది జన్యుశాస్త్రవేత్తలు (పెళ్లిళ్ల పేరయ్య పనే!). మత్తిచ్చి జీపీఎస్ కాలర్లు తగిలించేది వెటర్నరీ డాక్టర్లు. ఆ తర్వాత అవి ఎటు పోతున్నాయో చూసేది ఎకాలజిస్టులు (జీవావరణ శాస్త్రవేత్తలు).

మన దగ్గరైతే బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చేసి వన్యప్రాణుల వైద్యంలోకి వెళ్లొచ్చు, లేదా డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ చదవొచ్చు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ (అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ల్యాబ్)లో కృత్రిమ గర్భధారణతో కృష్ణజింక పిల్లనే పుట్టించారు. ఒక్క టెన్షన్: చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంతవరకే.