ఆర్డర్ల సమయాన్ని డేటాబేస్‌లో ఎలా దాచాలి?

బరంపురం పట్టుచీరలను అమెరికాకు అమ్మే మీ సైటులో ముందు వచ్చిన ఆర్డరు వెనక్కి వెళుతోందని అడిగారు. కొనేవారి గడియారంలోని సమయాన్ని అలాగే దాచడమే కారణం. 2025 నవంబరు 2న న్యూయార్క్‌లో వేసవి సమయం (వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే పద్ధతి) ముగిసి, తెల్లవారుజామున 1:30 రెండుసార్లు వచ్చింది. బరంపురంలో అవి ఉదయం 11, మధ్యాహ్నం 12. మన దేశమంతటా ఏడాది పొడవునా యూటీసీకి (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయానికి) 5:30 గంటల తేడాయే కాబట్టి, ఇక్కడి సమయంతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు.

జరిగిపోయిన ప్రతిదాన్నీ యూటీసీలోనే దాచండి. చూపించేటప్పుడు మాత్రమే మార్చండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ‘టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్’ వాడండి; పేరు అలా ఉన్నా అది జోన్‌ను (ఏ ప్రాంతపు సమయమో) దాచదు.

కొనేవారితో ముందుగా నిర్ణయించిన వీడియో కాల్‌కు ఇది చాలదు. వారి ఊరి సమయంతోపాటు ‘అమెరికా/న్యూయార్క్’ అనే జోన్ పేరునూ రాయండి. యూటీసీతో తేడాను చెప్పే మైనస్ 5 అనే అంకె ఒక్కటే రాస్తే, మార్చిలో వేసవి సమయం మొదలయ్యాక గంట తేడా వస్తుంది.