ఖాళీ హాలును నమ్మకు

బంగారు తల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

చలికాలపు కచేరీలో బృందగానాన్ని నువ్వే నడిపిస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషం పట్టలేక మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అన్ని గొంతులు ఒక్క చేతి కదలిక మీద నిలబడటం ఎంత బరువో టెనర్ వరుసలో, అంటే మగవాళ్ల హెచ్చు గొంతుల వరుసలో, ఏళ్ల తరబడి నిలబడి చూసినవాణ్ణి.

నీకు తెలిసిన సంగతులు ముందు ముగిస్తాను. చివరి వారంలో కొత్త పాట ఎత్తుకోవద్దు. ప్రతి పాటకూ మొదటి వాక్యం, చివరి వాక్యం అందరికీ కంఠస్థం కావాలి. దీర్ఘస్వరం దగ్గర పక్కపక్కనున్నవాళ్లు ఒకేసారి ఊపిరి తీయకూడదు. మోకాళ్లు బిగపట్టి నిలబడవద్దని పదే పదే చెప్పు. రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. వరుసలను మరీ వెడల్పుగా పరచకు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది కనుక 10 మీటర్ల అవతలి గొంతు ఆలస్యంగానే వినిపిస్తుంది. చెవిని కాదు, నీ చేతిని నమ్మమను.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. అప్పట్లో మా బృందానికి, ఇప్పుడు నువ్వు చేస్తున్నట్టే చేతితో పాట నడిపించే ఒక కండక్టర్ ఉండేవారు. గొప్ప సంగీత జ్ఞానం. ఆఖరి రిహార్సల్ కచేరీ జరిగే హాలులోనే పెట్టారు. రాతి గోడలు, ఎత్తైన పైకప్పు, అన్నీ ఖాళీ కుర్చీలే. ఒక్క స్వరం వదిలితే చాలాసేపు మోగుతూనే ఉంది. ఆ మోతకు ఆయన మురిసిపోయి, వాద్యం లేకుండా పాడే నెమ్మది పాటను ఇంకా నెమ్మది చేశారు. వాక్యం చివర హాలే మా బదులు పాడేది. మాకు ఊపిరి తీసుకునే తీరిక దొరికేది. అందరం పొంగిపోయాం.

కచేరీ నాడు హాలు నిండింది. అందరి ఒంటి మీదా ఉన్ని దుస్తులు. మొదటి వాక్యం ముగిసిందో లేదో, స్వరం అక్కడికక్కడే ఆగిపోయింది. మనుషులూ బట్టలూ ధ్వనిని పీల్చేశాయి. నిన్న హాలు నింపిన ఖాళీలను ఇప్పుడు మా ఊపిరితో నింపాలి. అది చాలలేదు. ఊపిరి చాలని స్వరం కొంచెం కొంచెంగా జారుతుంది, అందరూ కలిసి జారుతారు కనుక ఎవరికీ తెలియదు. పాట ముగిశాక పియానో మోగిన క్షణంలో తెలిసింది, అర స్వరం దిగిపోయామని. సెకనుకు 440 కంపనాలు ఉండాల్సిన స్వరం 415 దగ్గర ఉందన్నమాట.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విషయమూ కాదు. హార్వర్డ్‌లో ఉపన్యాసాలు అర్థం కాకుండా మార్మోగే ఒక హాలును బాగుచేసే పని 1895లో వాలస్ సేబిన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడి మీద పడింది. ఆ ఖాళీ హాలులో ధ్వని అయిదున్నర సెకన్ల దాకా నిలిచేది. ఆయన దగ్గర్లోని థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, రాత్రిపూట పరిచి, మోత ఎంత తగ్గుతోందో కొలిచాడు. మనిషి ఒంటికి ఎంత ధ్వని ఇంకిపోతుందో కూడా లెక్కగట్టాడు. కాబట్టి ఖాళీ హాలులో నీ చెవికి హాయిగా తోచిన వేగం కన్నా ఒక పిసరు ఎక్కువే పెట్టుకో. కచేరీలో శ్రుతి దిగుతోందనిపిస్తే గట్టిగా పాడమని చేయి ఊపకు. పాటను కాస్త ముందుకు నడిపించు.

శ్రుతి పోవడం కన్నా ఆ తరువాత జరిగినదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మా కండక్టర్ తప్పు ఎవరిదా అని వెతికి, ఆల్టో వరుసలో, అంటే ఆడవాళ్ల తగ్గు గొంతుల వరుసలో, ఒక పెద్దావిడతో "ఇకనుంచి పెదవులు కదపండి, చాలు" అన్నారు. ఆవిడ తలూపింది. మరుసటి వారం రాలేదు, మరెన్నడూ రాలేదు. ఆవిడ గొంతు చిన్నది, నిజమే. కానీ ఆ వరుసలో కొత్తవాళ్లంతా స్వరం కోసం ఆవిడ వైపే చెవి పెట్టేవారు. ఆవిడ లేని ఆల్టో కుదురుకోవడానికి చాలా కాలం పట్టింది.

నీకు చెవీ పదునే, నోరూ పదునే. చిన్నప్పుడు నేను పాడుతుంటే "తప్పు, పెదనాన్నా" అని నా చేయి పట్టుకుని ఆపేదానివి. నాకు ఎంత గర్వంగా ఉండేదో! కానీ నేను నీవాణ్ణి, ఏమన్నా పడతాను. నీ బృందంలోవాళ్లు పగలంతా పనిచేసి సాయంత్రం పాటకోసం వచ్చేవాళ్లు. ఎవరి స్వరమైనా తప్పితే వరుస మొత్తం చేత మళ్లీ పాడించు, ఒక్కరి వైపు చూడకు. మరీ అవసరమైతే పక్కకు పిలిచి మెల్లగా చెప్పు. ఈ ఒక్క మాట వినకపోతే నిజంగా కోప్పడతాను తల్లీ.

పాటల వరుస రాసి పంపు. వాద్యం లేని పాటకు ముందు గొంతు అలిసే పాట పెట్టి ఉంటే మార్చెయ్. ఆఖరి రిహార్సల్ ఏ రోజో కూడా రాయి. పెద్దమ్మా నేనూ వచ్చి చెరో మూలా కూర్చుని వింటాం, మాటలు ఎక్కడిదాకా తెలుస్తున్నాయో చెబుతాం.

నీ పెదనాన్న