ఫార్మ్‌డీలో గ్రేడ్ల టెన్షన్: ఏ గ్రేడుకి ఎంత ఖర్చవుతుందో చూసుకో చెల్లీ

చెల్లీ, గుంటూరులో బీఫార్మసీ చేశావు, పెళ్లయ్యాక హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగి భార్యకిచ్చే వీసా) మీద అమెరికా వచ్చావు, ఇక్కడ ఫార్మ్‌డీలో (ఫార్మసిస్టు లైసెన్సుకి కావాల్సిన డిగ్రీ) చేరి మొదటి సెమిస్టర్‌లో జీపీఏ (నాలుగుకి లెక్కేసే గ్రేడ్ల సగటు) 2.8 వచ్చేసరికి రాత్రంతా నిద్ర పట్టలేదని రాశావు. రెండు సబ్జెక్టుల్లో సి వచ్చింది, ఈఏడీ (పనిచేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు) మీద ఫార్మసీలో చేస్తున్న టెక్నీషియన్ పని మానేసి పూర్తిగా చదువు మీదే కూర్చోవాలా అని అడిగావు. పని మానకు. గంటలు తగ్గించుకో, పరీక్షల వారం సెలవు పెట్టుకో, అంతేగానీ మానొద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగ్గానే చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో నేను కట్టిన ఫీజు చిన్నది కాదు.

మన దగ్గర ఫస్ట్ క్లాసా, డిస్టింక్షనా అన్నదే అందరూ అడుగుతారు. ఆ లెక్క పట్టుకుని ఇక్కడికి వస్తాం. ఇక్కడ ఫార్మసీ కాలేజీలో ‘ఏ’ గ్రేడుకీ ‘బి’ గ్రేడుకీ మధ్య డబ్బు రూపంలో పెద్ద తేడా ఏమీ ఉండదు. సి గ్రేడుకీ డి గ్రేడుకీ మధ్య మాత్రం ఒక ఏడాది ఉంటుంది. నువ్వు భయపడాల్సింది ఈ రెండోదానికి. ఇప్పుడు నువ్వు దాని అంచునే ఉన్నావు, ఆ సంగతి నీకు ఇంకా అర్థమైనట్టు లేదు, జీపీఏ అంకె చూసి బాధపడుతున్నావు గానీ.

నేను వరంగల్‌లో బీఫార్మసీ 2004లో పూర్తిచేసి 2006లో వచ్చాను. వచ్చాక తెలిసింది, 2003 జనవరి నుంచి డిగ్రీ తీసుకున్నవాళ్లని నాలుగేళ్ల బీఫార్మసీతో ఇక్కడి ఫారిన్ గ్రాడ్యుయేట్ పరీక్షకి (విదేశీ డిగ్రీవాళ్లు లైసెన్సు కోసం రాసేది) కూడా కూర్చోనివ్వరని, ఐదేళ్ల కోర్సు ఉండాలని. మా సీనియర్లు అంతకుముందే డిగ్రీ తీసుకుని ఆ దారిలో లైసెన్సు తెచ్చుకున్నారు, నేను కూడా అలాగే అనుకుని ఎవరినీ అడగకుండా కూర్చున్నాను. (ఇప్పుడు మన దగ్గర ఆరేళ్ల ఫార్మ్‌డీ ఉంది కాబట్టి ఆ పిల్లలకి ఈ బాధ లేదు. రూల్స్ అన్నీ ఎన్ఏబీపీ (రాష్ట్రాల ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం) సైట్‌లో ఉంటాయి, చూసుకోండి.) 2007 జులైలో గ్రీన్ కార్డు దరఖాస్తుల తేదీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నప్పుడు మావారు మా కాగితాలు వేశారు, దాంతో నాకు ఈఏడీ వచ్చింది. కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లిష్ కాంపోజిషన్, స్పీచ్, స్టాటిస్టిక్స్ చదివి 2009లో ఫార్మ్‌డీలో చేరాను. అప్పటికి ఇంట్లో ఒక్కటే జీతం. ప్రైవేటు లోనుకి మావారి ఆఫీసులో పనిచేసే ఒక అన్నయ్య హామీగా సంతకం పెట్టారు. ఆ సంతకం గుర్తొచ్చినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

మొదటి ఏడాది నాకు గర్వం. మెడిసినల్ కెమిస్ట్రీ, ఫార్మస్యూటిక్స్ మనం ఊళ్లో చదివేసినవే, క్లాసులో అమెరికా పిల్లలు నన్ను అడిగి తెలుసుకునేవాళ్లు. ‘ఏ’ గ్రేడులు వచ్చాయి. అప్పుడే ఒక చిన్న ఫార్మసీలో చేస్తున్న పని మానేశాను, ఇంకా ‘ఏ’ గ్రేడులు తెచ్చుకుందామని. అది నా మొదటి పొరపాటు, నువ్విప్పుడు చేయబోతున్నది కూడా అదే.

రెండో ఏడాది థెరప్యూటిక్స్ మొదలైంది. అక్కడ మందు ఎలా పనిచేస్తుందో ఎవరూ అడగరు. ఈ రోగికి, ఈ కిడ్నీతో, ఈ వయసులో, ఈ మూడు మందులు ఇప్పటికే వాడుతుండగా, నువ్వు ఏది ఇస్తావు, ఎంత ఇస్తావు, రేపు ఏ రక్తపరీక్ష చూస్తావు అని అడుగుతారు. నేను నోట్సు మొత్తం బట్టీ పట్టాను. కౌన్సెలింగ్ ప్రాక్టికల్‌లో రోగిగా నటించే ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టి, ఆస్తమా ఇన్హేలర్ చేతికిచ్చి ఆవిడకి చెప్పమన్నారు. నేను బీటా2 రిసెప్టర్ల గురించి చక్కగా వివరించాను. పేరు, పుట్టిన తేదీ అడగలేదు. ఎలర్జీలు అడగలేదు. బాగా కుదపాలి, ముందు గాలి బయటికి వదలాలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కాలి, పది సెకన్లు బిగబట్టాలి అని చూపించలేదు. ఆవిడకి కావాల్సింది అది. మార్కుల కాగితం మీద ఒక్కో గడిలో సున్నా పెట్టి ఉంది. పైగా ఊళ్లో సాల్బ్యుటమాల్ అన్నది ఇక్కడ ఆల్బ్యుటెరాల్, గ్లైబెన్‌క్లమైడ్ అన్నది గ్లైబ్యురైడ్, ఇవన్నీ కౌంటర్ వెనక నిలబడి రోజూ బాటిళ్లు తీసేవాడికి వారంలో నోటికి వచ్చేస్తాయి, నేను ఆ పని మానేసి కార్డుల మీద రాసుకుని చదువుకుంటున్నాను.

గుండె జబ్బుల భాగంలో మొదటి పరీక్ష పోయింది. ప్రొఫెసర్ గారు ఆఫీస్ అవర్స్‌కి రమ్మని మెయిల్ కూడా పెట్టారు. నేను వెళ్లలేదు. మన దగ్గర సార్ గదికి వెళ్లామంటే ఏదో తప్పు చేసి వెళ్లినట్టే, ఆ బెరుకు నాకు పోలేదు. కోర్సు డ్రాప్ చేసుకునే గడువు కూడా దాటిపోయింది. సెమిస్టర్ చివర ఒకే ఒక్క మార్కు తేడాతో డి వచ్చింది.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఫార్మ్‌డీ మన యూనివర్సిటీల్లా బ్యాక్‌లాగ్ పెట్టుకుని పై ఏడాదికి వెళ్లిపోయే కోర్సు కాదు. ఎక్కువ కాలేజీల్లో సి కంటే తక్కువ వస్తే ఆ సబ్జెక్టు మళ్లీ చదవాలి, అది ఏడాదికి ఒక్కసారే చెప్తారు, అది పాసవ్వకుండా తర్వాతివి ముట్టుకోనివ్వరు. కొన్నిచోట్ల వేసవిలో మళ్లీ పరీక్ష పెడతారు, నాకు ఆ అవకాశం లేదు. నీ కాలేజీ స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో ప్రోగ్రెషన్ అనే భాగం ఉంటుంది, ఇవాళే చదువు. నా క్లాసు ముందుకి పోయింది, నేను ఇంట్లో ఉండిపోయాను.

ఆ ఏడాదికి అయిన ఖర్చు లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. మళ్లీ కట్టిన ఫీజు అందులో చిన్న భాగం. ఏడాది అద్దె, ఇన్సూరెన్స్, కారు, నెలనెలా పెరిగే లోను వడ్డీ, వీటన్నిటి మీద ఏడాది ముందే మొదలవ్వాల్సిన ఫార్మసిస్టు జీతం. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఫార్మసిస్టుల మధ్యస్థ జీతం ఏడాదికి 1,37,480 డాలర్లు. అంటే ఒక్క డి గ్రేడు ఖరీదు మన రూపాయల్లో కోటి దాటుతుంది. నీ రెండు సి గ్రేడుల ఖరీదు ప్రస్తుతానికి సున్నా. స్కాలర్‌షిప్ ఉంటే మాత్రం ఆ ఉత్తరం తీసి చూడు, కొన్నిటికి జీపీఏ 3.0 తగ్గకూడదని ఉంటుంది, అలా ఉంటే ఆ రెండు సి గ్రేడులకీ ఖరీదు ఉన్నట్టే.

ఆ ఏడాది ఖాళీగా ఉండలేక, డబ్బు కోసం, ఒక పెద్ద ఫార్మసీలో టెక్నీషియన్‌గా చేరాను. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా డ్రైవ్‌త్రూలో (కారులోంచే మందులు తీసుకునే కిటికీ) ఊపిరాడేది కాదు. ఇన్సూరెన్స్ రిజెక్ట్ అయితే ఏ కోడ్ వచ్చింది, ఎవరికి ఫోన్ చేయాలి, కోపంగా ఉన్న పెద్దాయనతో ఎలా మాట్లాడాలి, ఇవన్నీ అక్కడే వచ్చాయి. తిరిగి క్లాసుకి వెళ్లాక ఇంటర్న్‌గా వారానికి పన్నెండు గంటలు అదే చోట చేశాను, అదే థెరప్యూటిక్స్‌లో బి వచ్చింది. 2014లో డిగ్రీ చేతికొచ్చేసరికి ఇక్కడ మేముండే ఊళ్లో ఫార్మసిస్టు ఉద్యోగాలు గట్టిగా తగ్గాయి, నాకంటే మంచి జీపీఏ ఉన్నవాళ్లు దూరపు ఊళ్లకి తరలిపోయారు. నాకు నేను ఇంటర్న్‌గా చేసిన ఫార్మసీ మేనేజరే ఉద్యోగం ఇచ్చారు. నా జీపీఏ ఎంతో ఆయన అడగలేదు, ఆ తర్వాత ఆస్పత్రికి మారినప్పుడు కూడా ఎవరూ అడగలేదు. లోను మొత్తం తీర్చేశాను, సంతకం పెట్టిన అన్నయ్యకి ఒక్క ఫోన్ కూడా బ్యాంకు నుంచి వెళ్లకుండా తీర్చాను. అది నాకు నా డిగ్రీ కంటే ఎక్కువ.

ఇప్పుడు నేను ఆస్పత్రిలో చివరి ఏడాది విద్యార్థులకి ప్రీసెప్టర్‌ని, అంటే పని నేర్పే ఫార్మసిస్టుని. ఏ కాలేజీ అయినా ఫార్మ్‌డీలో కనీసం 1,440 గంటల చివరి రొటేషన్లు (ఆస్పత్రుల్లో, ఫార్మసీల్లో శిక్షణ) చేయించాలి కాబట్టి ఏడాది పొడవునా ఎవరో ఒకరు వస్తుంటారు. 3.9 తెచ్చుకున్న అమ్మాయి వచ్చింది ఒకసారి. నర్సు ఫోన్ చేసి, డెబ్బై కిలోల రోగి, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) కిలోకి గంటకి 18 యూనిట్లు, సంచిలో 250 మి.లీ.కి 25,000 యూనిట్లు, పంపు ఎంత పెట్టాలి అని అడిగింది. ఆ అమ్మాయి కాగితం వెతుక్కుంటూ చాలాసేపు నిలబడిపోయింది. మి.లీ.కి 100 యూనిట్లు, గంటకి 1,260 యూనిట్లు, అంటే 12.6 మి.లీ. ఇంతే. ఆ పక్కనే 3.0 ఉన్న అబ్బాయి, కాలేజీ రోజులంతా ఫార్మసీలో పనిచేసినవాడు, నోటితో చెప్పేశాడు. ఆ అమ్మాయి తెలివితక్కువది అనడం లేదు, నెలలోపు తనూ నేర్చుకుంది. కానీ నేను సిఫార్సు ఉత్తరం రాయాల్సి వస్తే ఏం గుర్తొస్తుందో నువ్వే ఆలోచించు.

గ్రేడ్లు నిజంగా లెక్కలోకి వచ్చే చోటు ఒకటుంది, అది దాచను. ఆస్పత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు కావాలంటే సాధారణంగా పీజీవై1 రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఏడాది శిక్షణ) కావాలి, అది ఏఎస్‌హెచ్‌పీ మ్యాచ్ (అభ్యర్థుల్నీ ఆస్పత్రుల్నీ జతచేసే పద్ధతి) ద్వారా వస్తుంది, అక్కడ చాలా ప్రోగ్రాములు దరఖాస్తులు వడపోసేటప్పుడు జీపీఏ చూస్తాయి. 3.0 కింద ఉంటే చాలా తలుపులు ముందే మూసుకుంటాయి. నాలుగో ఏడాది శరదృతువులో దరఖాస్తు చేస్తావు కాబట్టి మొదటి మూడేళ్ల గ్రేడ్లే అక్కడ కనిపిస్తాయి, ఆ లెక్కన నీకు సరిచేసుకునే టైము చాలా ఉంది. అయితే రెసిడెంట్‌కి ఇచ్చే స్టైపెండ్ ఫార్మసిస్టు జీతంలో చాలాచోట్ల సగం కూడా ఉండదు, లోను వడ్డీ ఆగదు, వీసా విషయం ఒక్కో ఆస్పత్రి ఒక్కోలా చూస్తుంది. ఇష్టం ఉంటే వెళ్లు, గొప్ప కోసం వెళ్లొద్దు. నాకు చేరాలని ఉండేది, ఇంకో ఏడాది సగం జీతం భరించే స్థితిలో మా ఇల్లు లేదు. న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీ లాంటి చోట్ల మందుల కంపెనీల్లో శిక్షణ ఇచ్చే ఫెలోషిప్పులు ఉన్నాయి, వాటికి ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు ముఖ్యం, మనవాళ్లు అక్కడే వెనకబడతారు.

లైసెన్సు బోర్డు జీపీఏ అడగదు. నాప్లెక్స్ (ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష) పాసా ఫెయిలా అంతే, ఆపైన చాలా రాష్ట్రాల్లో ఫార్మసీ చట్టాల మీద ఇంకో పరీక్ష. కాకపోతే ఈమధ్య నాప్లెక్స్ మొదటిసారే పాసయ్యేవాళ్లు ఒకప్పటికంటే బాగా తగ్గారు. నీ కాలేజీ శాతం ఎంతో ఎన్ఏబీపీ ప్రకటిస్తుంది, చూడు. తప్పితే ఉద్యోగం వాయిదా, మళ్లీ డబ్బే. థెరప్యూటిక్స్‌లో గట్టిగా ఉన్నవాళ్లకి నాప్లెక్స్ భయం లేదు, కెమిస్ట్రీలో ‘ఏ’ తెచ్చుకున్నంత మాత్రాన ఉపయోగం లేదు. అందుకే చదివే గంటలు అన్ని సబ్జెక్టులకీ సమానంగా పంచొద్దు.

ఎఫ్1 విద్యార్థి వీసా మీద వచ్చి ఇదే చదువుతున్న పిల్లలకి ఒక మాట. ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికిచ్చే అనుమతి) ఏడాదే, సైన్సు కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఫార్మ్‌డీకి లేదు, మీకు వృథాగా పోయే సెమిస్టర్ ఇంకా ఖరీదు. సబ్జెక్టు డ్రాప్ చేసే ముందు డీఎస్‌ఓని (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) అడగకుండా చేయొద్దు. మిగతాది వాళ్లే చెప్తారు.

నీ సంగతికి వస్తే, ఆ రెండు సి గ్రేడులు ఏ సబ్జెక్టుల్లో వచ్చాయో రాయలేదు. ఫిజియాలజీ లాంటిదైతే వదిలెయ్. క్యాల్క్యులేషన్స్‌లో వచ్చి ఉంటే మాత్రం ఇప్పుడే సరిచేసుకో, అది చివరిదాకా వెంటాడుతుంది. ప్రొఫెసర్ దగ్గరికి మొదటి పరీక్షకి ముందే వెళ్లు, వెళ్లి, నేను ఇలా చదువుతున్నాను సరిపోతుందా అని అడుగు. ఫార్మ్‌డీలో చేరావు కాబట్టి రాష్ట్ర బోర్డులో ఇంటర్న్‌గా నమోదు చేసుకో, చాలాచోట్ల టెక్నీషియన్ జీతం కంటే ఎక్కువిస్తారు, పనీ వేరుగా నేర్పిస్తారు. వారానికి పది, పన్నెండు గంటలు మించొద్దు. డబ్బు కోసం ఇరవై గంటలు చేసి డి తెచ్చుకుంటే ఏం అవుతుందో పైన లెక్క చెప్పాను. అత్తగారింట్లో జీపీఏ అడిగితే పాసయ్యానని చెప్పు, చాలు.

ఇంకొకటి, ఇది గ్రేడ్లకంటే తొందరగా చూడాల్సింది. నీది ప్రభుత్వ కాలేజీ అన్నావు, ఫీజు మాత్రం అవుట్ ఆఫ్ స్టేట్ (బయటి రాష్ట్రంవాళ్ల) లెక్కలో కడుతున్నట్టు ఉంది. హెచ్‌4 వాళ్లకి చాలా రాష్ట్రాల్లో ఏడాది నివాసం తర్వాత ఇన్‌స్టేట్ (ఆ రాష్ట్రంవాళ్ల) ఫీజు ఇస్తారు, తేడా వేల డాలర్లలో ఉంటుంది. అద్దె అగ్రిమెంటు, మీవారి టాక్స్ కాగితాలు, డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుని రిజిస్ట్రార్ ఆఫీసులో రాష్ట్ర నివాసం సంగతి చూసేవాళ్ల దగ్గరికి వెళ్లు. సెమిస్టర్ మొదలయ్యాక ఇస్తే చాలాచోట్ల తర్వాతి సెమిస్టర్‌కే తీసుకుంటారు, కాబట్టి స్ప్రింగ్ సెమిస్టర్ ఫీజు కట్టే ముందే వెళ్లు.